ఎర్ర పిడి

వంటింటి కిటికీ ఎవరు తెరిచారన్నది ఆ ఆదివారం పొద్దున ఒబ్రాదోవ్ గారింట్లో తగువు.

తెరిచింది దరింకా. తలస్నానం చేసి వచ్చేసరికి వంటిల్లంతా కోడి ఉడుకుతున్న ఆవిరి. కిటికీ రెక్క ఒకటి తీసి ఊపిరి పీల్చుకుంది. పెరటి తలుపు ముందే తీసి ఉంది. బల్ల దగ్గర సూప్‌లోకి నూడుల్స్ కోస్తున్న అత్తగారు స్మిల్యా కత్తి కింద పెట్టేసింది. ఇటు కిటికీ, అటు తలుపు, మధ్యలో ఎదురుగాలి. సొంబోర్‌లో ఎవరికి మెడ పట్టేసినా, చెవిపోటు వచ్చినా, ఆఖరికి పక్షవాతం వచ్చినా ఊరందరి లెక్కలోనూ కారణం ఆ ఎదురుగాలి ఒక్కటే.

"తడి తలతో గాలికి నిలబడ్డావు. రేపు మూతి వంకరపోతే ఎవరు చూస్తారు?"

"పెళ్ళయిన దగ్గర్నుంచీ వంకరపోతుందనే అంటున్నారు, అత్తయ్యా. ఏ వైపుకో కూడా చెప్పండి. ఫోటోలకి రెండో వైపు తిప్పి నిలబడతాను."

స్మిల్యా లేచి కిటికీ మూసింది. దరింకా పెరటి తలుపు మూసి మళ్ళీ కిటికీ తీసింది. గాలి ఒక్కవైపు నుంచి వస్తే అది ఎదురుగాలి కాదని ఆమె వాదన. కీళ్ళకి ఆ తేడా తెలియదని అత్తగారి వాదన. ఇద్దరూ ఇంకా ఏమనుకునేవారో గాని, బల్ల చివర కూర్చున్న ఓస్తోయా తల ఎత్తకుండానే అన్నాడు.

"మూసెయ్యి వదినా. ఆ గదిలో ఎలాగూ కిటికీ ఉండదు."

ఆ గది అంటే జైలు గది. ఇద్దరాడవాళ్ళూ నోరు మూసుకున్నారు. కిటికీ కూడా మూతపడింది.

ఓస్తోయా దరింకా మరిది. పాత కార్లు బాగుచేసే మెకానిక్. ఏటా బళ్ళని పరీక్షించి, రోడ్డు మీద తిరగొచ్చని ముద్ర వేసే అధికారం అతని షెడ్డుకి ఉంది. పాత కార్ల సంఘం అధ్యక్షుడు తెయోడోర్ జారిచ్, రిటైరైన మందుల షాపు యజమాని, గురువారం పొద్దున కాలువ గట్టున తన చేపల గుడిసె ముందు, తన బీటిల్ కారులో శవమై కనిపించాడు. ఆ కారుని ఇక్కడందరూ బూబా అంటారు, పురుగని ముద్దుగా. అద్దాలన్నీ మూసి ఉన్నాయి. తాళం తిప్పి ఉంది, బ్యాటరీ అయిపోయింది. హీటరు మీట పైకెత్తి ఉంది. రక్తంలో పొగ విషం. ఇంజిను కొంతసేపు ఆడి దానంతట అది ఆగిపోయిందని పోలీసులు తేల్చారు.

దరింకా ఒకప్పుడు పోలీసు. ఇప్పుడు సొంతంగా కేసులు చూస్తుంది. వేరే పని మీద నీష్ నగరానికి వెళ్ళి నిన్న సాయంత్రమే తిరిగొచ్చింది. అప్పటికే మరిది ప్రభుత్వ వకీలు ముందు నోరు విప్పేశాడు. ఇప్పుడు ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని, ఆ చెప్పిందంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పించింది.

బూబాకి ఇంజిను వెనక ఉంటుంది, దాన్ని చల్లార్చేది నీళ్ళు కాదు, గాలి. సైలెన్సర్ గొట్టాల చుట్టూ రేకు పెట్టెలుంటాయి. ఆ గొట్టాల వేడినే ఫ్యాను గాలి లోపలికి మోసుకొస్తుంది. గొట్టానికి తుప్పు పట్టి చిల్లు పడితే వేడితో పాటు పొగ కూడా వస్తుంది. అక్టోబరులో పరీక్షకి తెచ్చినప్పుడు జారిచ్ బండికి ఆ తుప్పు కనిపించింది. మార్చమని ఓస్తోయా చెప్పాడు. చలికాలంలోగా మార్పిస్తానని జారిచ్ మాటిచ్చాడు. ఆయన మాట మీద ఓస్తోయా ముద్ర వేశాడు.

"వెయ్యకూడదు," అన్నాడు. "అది నా తప్పే. ఎవరి కోసమూ అబద్ధం చెప్పను."

"తప్పు సంగతి తర్వాత. ఆ మీట ఎలా ఉండేది?"

"మొండిగా. చెయ్యి నొప్పెట్టేలా గుంజితే గాని లేచేది కాదు. ఎర్ర పిడి ఊడిపోతుందని నేనే స్క్రూ వేసి బిగించాను."

"అక్టోబరు తర్వాత బండి నీ దగ్గరకి వచ్చిందా?"

రాలేదు. ముద్ర కోసం అన్ని మాటలు పడ్డందుకు పెద్దాయనకి కోపం వచ్చి ఉంటుందని అనుకున్నాడట. రేపు పొద్దున కోర్టులో తప్పు ఒప్పుకుంటే మూడేళ్ళ శిక్ష ఏడాదికి తగ్గుతుందని కూమ్ చెప్పాడన్నాడు. ఒప్పుకోలు కాగితం కూమే రాయించి తెస్తున్నాడు, మధ్యాహ్నం భోజనానికి వస్తూ. షెడ్డు ఎలాగూ మూతపడుతుంది. భార్య అప్పుడే కూతుర్ని తీసుకుని వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

కూమ్ అంటే గవ్రిలో. ఓస్తోయా పెళ్ళిలో పక్కన సాక్షిగా నిలబడినవాడు, కూతురి బాప్తిస్మానికి ఆ పిల్లని చేతుల్లోకి తీసుకున్నవాడు. రక్తసంబంధం తెగినా కూమ్ బంధం తెగకూడదంటారు. అతను పాత కార్ల సంఘానికి ఉపాధ్యక్షుడు కూడా. జారిచ్ బండి తుప్పు సంగతి అక్టోబరులోనే ఓస్తోయా చెప్పుకున్నదీ అతనితోనే.

"కూమ్ లేకపోతే ఈ వారం మేం ఏమైపోయేవాళ్ళమో," అంది స్మిల్యా, నూడుల్స్ గుడ్డ మీద ఆరబోస్తూ. "సూప్ వడ్డించేలోగా వచ్చెయ్యి. వచ్చిన మనిషిని ఎదురు చూడనివ్వను."

దరింకా తలకి రుమాలు కట్టుకుని బయల్దేరింది. కట్టుకుందో లేదో చూడటానికి అత్తగారు గేటు దాకా వచ్చింది.

•

జారిచ్ భార్య నెవెంకా నల్లబట్టల్లో ఉంది. ఇంటికొచ్చిన మనిషికి పెట్టాల్సిన చెంచాడు చెర్రీ మురబ్బా, గ్లాసుడు నీళ్ళు పెట్టాకే కూర్చుంది. దరింకా తిని, చెంచాని గ్లాసులో వేసి, అక్టోబరు తర్వాత కారుకి ఎక్కడైనా పని చేయించారా అని అడిగింది. ఎందుకని నెవెంకా అడగలేదు. ఆవిడ కూడా దాని గురించే ఆలోచిస్తున్నట్టుంది.

నూతన సంవత్సరం వెళ్ళగానే ఆయన పళ్ళు కట్టించుకోవడానికి సరిహద్దు దాటి హంగరీలోని బాయాకి వెళ్ళాడట. ఇక్కడివాళ్ళు చాలామంది వెళ్తారు, వింతేం కాదు. వెళ్ళేటప్పుడు కారులో వెళ్ళి వచ్చేటప్పుడు బస్సులో వచ్చాడు. కారు అక్కడే పాడైందన్నాడు. నెలాఖరుకి మళ్ళీ బస్సులో వెళ్ళి కారులో వచ్చాడు.

"నెల రోజులు వైద్యం చేయించుకుని అవే పాత పళ్ళతో వచ్చాడు," అంది నెవెంకా. "నేను అడగలేదు. ఈ వయసులో ఇంకో ఆడమనిషి అయ్యుంటుందా అని ఒకసారి నవ్వుకున్నాను కూడా. తర్వాత నుంచి కారులోకి దుప్పటి పట్టుకెళ్ళేవాడు. కాళ్ళు చల్లబడుతున్నాయట."

"హీటరు ఉండగా?"

"ముసలితనం అన్నాడు."

ఇంటికి ఎవరెవరు వచ్చారని దరింకా అడిగింది. కిందటి నెలలో వియన్నా నుంచి ఒకాయన వచ్చి వాకిట్లోనే అరిచి వెళ్ళాడు. సంఘం వాళ్ళ దగ్గర అసలైన పాత కారని కొన్నాడట. ఇంజిను మీది నంబరు చెరిపి కొత్తగా కొట్టినట్టు తేలిందట. అమ్మింది గవ్రిలో. అసలైనదని సంతకం పెట్టిందీ గవ్రిలోయే. ఆ తర్వాత మొన్న బుధవారం మధ్యాహ్నం గవ్రిలోని పిలిచి, ఇదే బల్ల దగ్గర, తెయోడోర్ ఒక మాట చెప్పాడు. ఏప్రిల్ సమావేశంలో సంఘంలోని ప్రతి కారు ఇంజిను మూతా తెరిపిస్తాను, ప్రతి నంబరూ చూపిస్తాను, అందరి కన్నా ముందు నా కారు మూతే తెరుస్తాను అని.

"గవ్రిలో ఏమన్నాడు?"

"కప్పు తిప్పుతూ కూర్చున్నాడు. కాఫీ చల్లారిపోయింది. నీ దాంట్లో చూసేదేముంది, మన సంఘంలో మచ్చలేని బండి అదొక్కటే అన్నాడు. మా ఆయన నవ్వాడు. సంతోషంగా నవ్వలేదు."

ఆ సాయంత్రమే తెయోడోర్ గుడిసెకి వెళ్ళాడు. తెల్లారేసరికి చనిపోయి ఉన్నాడు.

లేచేముందు దరింకా కారు తాళాల రెండో గుత్తి అడిగింది. అందులో కారు తాళంచెవితో పాటు ఒక చిన్న కొత్త తాళంచెవి ఉంది. దేనిదో నెవెంకాకి తెలియదు. బూబాకి అలాంటిది ఎప్పుడూ ఉండేది కాదంది.

•

కాలువ గట్టున బూబా పోలీసు ప్లాస్టిక్ పట్టీ మధ్య ఇంకా అక్కడే ఉంది. లేత నీలం రంగు, పట్టుకుంటే జారిపోయేంత నునుపు. సంఘం నియమాలు జారిచ్ రాసినవే. కిందటేడు ఒక సభ్యుడు తన పాత కారులో వేరే కంపెనీ ఇంజిను పెట్టుకున్నాడని అందరి ముందూ బయటికి పంపించిందీ ఈయనే.

దరింకా పట్టీ కింద నుంచి దూరింది. డ్రైవరు సీటు పక్కన హీటరు మీట నిటారుగా నిలబడి ఉంది, పిడి లేకుండా, ఒట్టి ఇనప కడ్డీ. చేతి రుమాలుతో పట్టుకుని కిందికి నొక్కింది. నొక్కనక్కర్లేదు, వేలు తగిలితే చాలు పడిపోయింది. పైకి లేపింది. ఖాళీ గిన్నెలో గరిటెలా అటూ ఇటూ ఊగింది. మొండి మీట అన్నాడు ఓస్తోయా. చెయ్యి నొప్పెట్టేలా గుంజాలన్నాడు.

సీటు కింద చెయ్యి పెట్టి వెతికింది. పట్టాల వెనక ఎర్ర పిడి దొరికింది. స్క్రూ లేదు. స్క్రూ ఉండాల్సిన కన్నంలో ఎండిపోయిన గమ్.

వెనక్కి వెళ్ళి చూస్తే ఇంజిను మూతకి కొత్త తాళం ఉంది. చిన్న తాళంచెవి సరిపోయింది. మూత ఎత్తి కాసేపు అలాగే చూస్తూ నిలబడింది.

రేకు పెట్టెలు లేవు. పెద్ద ఫ్యాను లేదు. జర్మన్ బండి కడుపులో జపాన్ ఇంజిను పడుకుని ఉంది, దానికి రబ్బరు గొట్టాలు, గొట్టాల్లో నీళ్ళు. సైలెన్సర్ గొట్టాలు నేరుగా వెనక్కి పోతున్నాయి. కారు లోపలికి వేడిగాలి తెచ్చే దారి ఒక్కటి కూడా లేదు. పాత దారి మొదట్లోనే కోసి, రేకు మూతలు వేసి మూసేశారు. మీట తీగ కూడా అక్కడే తెగ్గోసి ఉంది.

పనయ్యాక, మీట పైకి మామూలుగానే కనపడాలని పిడిని గమ్‌తో అంటించారన్న మాట. ఊళ్ళో అందరికీ మచ్చలేని బండి. ఏప్రిల్‌లో ముందు తన మూతే తెరుస్తానన్నాడంటే పరువంతా ఒక్కసారే వదులుకోవడానికి సిద్ధపడ్డాడు.

దరింకా మూత వేసి గుడిసెలోకి వెళ్ళింది. మంచం మీద దుప్పటి లేదు, అది శవం మోకాళ్ళ మీద దొరికింది. రేకు పొయ్యి తలుపు పైన గోడకి పొగ మచ్చ, వేలితో తుడిస్తే వచ్చేంత కొత్తది. అంటే పొగ బయటికి పోకుండా లోపలికి తిరిగింది. బయటికి వచ్చి పొగగొట్టం కొస చూసింది. అది చేతికందే ఎత్తులోనే ఉంది. అంచంతా మసి పట్టాల్సిన చోట ఒక పక్క శుభ్రంగా ఉంది. లోపలి మడతలో గోనెపట్టా పోగులు, కొసలు కాలినవి, ఇరుక్కుని ఉన్నాయి.

"పట్టీ దాటకూడదని మీరే నాకు నేర్పారు, మేడమ్."

ఇన్‌స్పెక్టర్ బోరివోయ్ గట్టు మీద నిలబడి ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని. ఒకప్పుడు ఆమె కింద పనిచేసినవాడు. ఆమె వదిలిన కుర్చీలో ఇప్పుడు కూర్చున్నవాడు. ఆ కుర్చీ తనకి దక్కింది ఆమె కోపంతో రాజీనామా చెయ్యడం వల్లేనని ఊరంతా అనుకుంటుందని అతనికి తెలుసు.

"మూత తెరవకుండా కేసు మూయమని నేను నేర్పలేదు, బోరా."

అతని మొహం ఎర్రబడింది. తాళం వేసి ఉందన్నాడు. తుప్పు ఉందని మెకానిక్కే ఒప్పుకున్నాక మూత ఎందుకన్నాడు. ఆ మెకానిక్ ఆవిడ మరిది కాబట్టి ఆవిడకి ఈ కేసులో నోరు విప్పే హక్కే లేదని కూడా అన్నాడు. రేపు పొద్దున సంఘం వాళ్ళు బండిని తీసుకెళ్ళిపోతారు, తను సంతకం కూడా పెట్టేశాడు. ఎవరు అడిగారని దరింకా అడిగింది. గవ్రిలో. వితంతువుకి ఆ బండి కళ్ళబడకూడదని, దయతో.

ఆమె మళ్ళీ మూత తెరిచి చూపించింది. అతను వంగి చూశాడు. తర్వాత నెమ్మదిగా, తన పట్టు వదలకుండా మొదలుపెట్టాడు. ఆ మీట ఎత్తింది జారిచే అయ్యుండొచ్చు. ఏళ్ళ తరబడి అలవాటు. చెయ్యి దానంతటదే వెళ్తుంది.

"వెళ్తే వేలితో లేస్తుంది. పిడి ఊడి సీటు కిందికి ఎగిరిందంటే ఎవరో గుంజారు. మొండి మీట అనుకున్నవాడే గుంజుతాడు. తీగ తెగ్గోయించినవాడు గుంజడు."

"పొయ్యి పొగకి పోయాడనుకుందాం. ప్రమాదమే కావచ్చుగా? ఎవరో భయపడి కారులోకి మార్చారు."

"గొట్టంలో గోనెపట్టా ప్రమాదమా? సరే, అది వదిలెయ్. శవం దొరికినప్పుడు ఈ గుడిసె ఎలా ఉంది?"

అతను గుర్తు చేసుకున్నాడు. తలుపు తీసి ఉంది. ఎదురుగా కిటికీ కూడా బార్లా తీసి ఉంది. అని ఆగిపోయాడు.

"మార్చి చలిలో," అంది దరింకా. "అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఈ ఊళ్ళో పుట్టినవాడు. తలుపూ కిటికీ ఎదురెదురుగా తెరిచి పెట్టాడు. మీ అమ్మకి చెప్పు, నమ్ముతుందేమో చూద్దాం."

ఇంజినుకి లొంగని బోరివోయ్ దానికి లొంగాడు. మొహంలోనే కనిపించింది. పొగంతా పోవాలంటే ఎదురుగాలి ఒక్కటే దారి. శవాన్ని బయటికి మోయడానికి లోపల ఊపిరి పీల్చాల్సి వచ్చిన ఇంకో మనిషే ఆ పని చేస్తాడు. తిరిగి మూసే ధైర్యమో తీరికో అతనికి లేకుండా పోయింది.

అయినా పేరు లేదుగా అన్నాడు. మీట సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, పోలీసులే చెప్పారు. దరింకా ఎర్ర పిడిని రుమాలుతో సహా అతని చేతిలో పెట్టింది. ఇది ఊడిన సంగతి ఎవరికి తెలుసని అడిగింది. ఎవరికీ తెలియదు. తామిద్దరికీ, గుంజినవాడికీ తప్ప.

"మధ్యాహ్నం మా ఇంటికి రా. లోపలికి కాదు. వంటింటి కిటికీ కింద నిలబడు. రెక్క నేను తీసి పెడతాను."

"నన్ను దొంగలా కిటికీ కింద నిలబెడతారా?"

"ఏమీ వినపడకపోతే ఇంకెప్పుడూ నీ స్టేషను గడప తొక్కను."

ఆ బేరం అతనికి నచ్చింది.

•

సూప్ బల్ల మీదికి వచ్చేసరికి గవ్రిలో బల్ల మొదట్లో, కిటికీకి వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. కూమ్‌కి ఎప్పుడూ ఇచ్చే కుర్చీ అది. అరవై దాటినా నిటారుగా ఉంటాడు. నున్నగా దువ్విన తల, ఇస్త్రీ చొక్కా. పక్కన కాగితాల కవరు. స్మిల్యాకి గసగసాల చుట్ట రొట్టె తెచ్చాడు. ఓస్తోయా భుజం మీద చెయ్యి వేసి, ఏడాది అంటే ఎంత, కళ్ళు మూసి తెరిచేలోగా వచ్చేస్తావన్నాడు.

దరింకా ఆవిరి ఎక్కువైందంటూ కిటికీ రెక్క తీసింది.

ఎదురుగా కూర్చున్న స్మిల్యా లేచి మూసింది. "కూమ్ మెడకి గాలి తగులుతుంది."

దరింకా రొట్టె కోసి పెట్టి, కాసేపాగి మళ్ళీ తీసింది. స్మిల్యా మళ్ళీ మూసింది. ఈసారి గడియ కూడా పెట్టింది. అత్తాకోడళ్ళ వేడుక చూసి గవ్రిలో నవ్వాడు. ఈ ఇంట్లో కిటికీకి కూడా విశ్రాంతి లేదన్నాడు. బయట మనిషి ఉన్నాడు, మధ్యలో గాజు ఉంది. గడియ తీస్తే గవ్రిలో వెనక్కి తిరిగి చూస్తాడు. ఇంక ఆగితే కాగితం మీద సంతకం పడిపోతుంది.

మొదలుపెట్టక తప్పలేదు. ఇంత తుప్పు పట్టిన హీటరని జారిచ్‌కి తెలియదా అని, ఏదో మాటల్లో అన్నట్టు అడిగింది. తెలిసే వాడాడని ఎవరైనా సాక్ష్యం చెబితే ఓస్తోయాకి శిక్ష ఇంకా తగ్గదా?

గవ్రిలో చెంచా కింద పెట్టాడు. సాయం చెయ్యడానికి దారి దొరికిన మనిషిలా మొహం వికసించింది. తను చెబుతానన్నాడు. కోర్టులో ప్రమాణం చేసి చెబుతానన్నాడు.

"పోయిన వారమే ఆయన బండిలో నేను కూర్చున్నాను. చలికి మీట ఎత్తాడు. వేడిగాలితో పాటు పొగ వాసన గుప్పున వచ్చింది. తెయో, ఇది నిన్ను చంపుతుంది అని ఆ మాటే అన్నాను. నవ్వేశాడు. ఆ మీటా అంతే, గుంజితే ఎర్ర పిడి ఊడి చేతిలోకి వస్తుంది, దాన్నయినా బాగుచేయించడు."

ఓస్తోయా తల ఎత్తాడు. ఇన్ని రోజుల్లో అతను ఎవరి మొహంలోకైనా సూటిగా చూడటం అదే మొదలు.

"పిడి ఊడదు, కూమా. స్క్రూ వేసి బిగించాను."

"ఊడింది మరి. చూశాను."

దరింకా సూప్ కలుపుతూ ఉండిపోయింది. దొరికాడు. గాజు అవతల బోరివోయ్‌కి ఇందులో ఒక్క ముక్క వినపడి ఉండదు. మళ్ళీ అడిగితే అనుమానపడతాడు.

అప్పుడు స్మిల్యా లేచింది. బల్ల చుట్టూ తిరిగి గవ్రిలో వెనక్కి వెళ్ళి గడియ తీసింది. ఒక రెక్క కాదు, రెండూ తీసింది. తర్వాత వెళ్ళి పెరటి తలుపు కూడా తెరిచింది. చల్లగాలి ఇటు నుంచి అటు కొట్టి, బల్ల మీది గుడ్డ అంచులు లేచాయి. గవ్రిలో మెడ దగ్గర చొక్కా కాలరు కదిలింది. ఆవిడ తన కుర్చీలోకి వచ్చి కూర్చుంది.

"నా చెవులు మందం, కూమా. పిడి గురించి ఏదో అన్నావు. గట్టిగా చెప్పు."

"ఏముంది అమ్మా. గుంజితే ఊడి వస్తుందన్నాను. వేడిగాలికి మీట ఎత్తినప్పుడు."

"నువ్వు కూర్చున్నప్పుడు వేడిగాలి వచ్చింది."

"వచ్చింది. పోయిన వారం."

దరింకా చెంచా పక్కన పెట్టింది. "జనవరి నుంచి ఆ బూబాలో వేడిగాలి రాదు, గవ్రిలో గారూ. రావడానికి దారే లేదు. మూత కింద ఉన్నది జపాన్ ఇంజిను. పాతది బాయాలో వదిలేసి వచ్చాడాయన. మీట ఒట్టి కడ్డీ, పిడి గమ్‌తో అంటించింది. అది గమ్ అని తెలిసిన మనిషి గుంజడు. ముందు నా మూతే తెరుస్తానని ఆయన మీకు చెప్పింది ఎందుకో ఇప్పుడు అర్థమైందా?"

గవ్రిలో కళ్ళలో మొదట కనబడింది భయం కాదు, నమ్మలేకపోవడం. తెయోడోర్ జారిచ్ బండిలో వేరే ఇంజిను ఉంటుందని అతను ఇప్పటికీ నమ్మలేకపోతున్నాడు. తర్వాత అతని చెయ్యి నెమ్మదిగా కాగితాల కవరు మీదికి వెళ్ళింది. ఓస్తోయా చెయ్యి అంతకన్నా ముందు వెళ్ళి దాన్ని లాక్కుంది.

కిటికీ బయట ఎవరో దగ్గారు. గవ్రిలో వెనక్కి తిరిగి చూశాడు. బోరివోయ్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు, రెండో చేతిలో రుమాలు, రుమాల్లో ఎర్రగా ఏదో.

"ఆ టోపీ నాకు మొదటి నుంచీ కనబడుతూనే ఉంది," అంది స్మిల్యా కోడలితో. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "కూమ్ మీద ఎవర్నో కాపలా పెట్టావని అర్థమైంది. అందుకే మూశాను. రెండుసార్లూ."

ఆవిడ గిన్నె దగ్గరికి లాక్కుని గరిటె తీసింది. గవ్రిలో పళ్ళెంలో సగమే ఉంది. నిండా పోసింది. ఒక్క చుక్క కూడా గుడ్డ మీద పడలేదు.

"ఓస్తోయా సంతకం పెట్టడు," అంది. "ముద్ర వేసినందుకు ఏం పడితే అది పడనీ, అది మోస్తాడు. మనిషిని చంపినందుకు మాత్రం పెట్టడు. నేను చెబుతున్నాను, ఇంక దాని మీద మాట వద్దు."

తర్వాత అతని వైపు తిరిగింది. అతనికి పెట్టిన పేరుతో ఆవిడ పిలవడం ఆ ఇంట్లో ఎవరూ ఇంతవరకు వినలేదు.

"తిను, గవ్రిలో. నా బల్ల దగ్గర నుంచి ఎవర్నీ సగంలో లేపలేదు. తిన్నాక ఆయనతో వెళ్ళు."